రేకు లోపలి మనిషి

విశ్రాంత లెక్కల మాస్టారు తొమ్మిదేళ్లుగా షెడ్డులో ఒంటరిగా విమానం కట్టుకుంటున్నారనీ, ఆయన భార్యకు అదంటే గిట్టదనీ వీధంతటికీ నమ్మకం. తనిఖీకి వచ్చిన ఇంజనీరు కూడా ఫారంలో నిర్మాతగా ఒక్క పేరే రాశాడు.

"మా ఆవిడ పేరూ రాయండి. లేకపోతే నేను సంతకం పెట్టను," అన్నారు మాస్టారు నీరసంగా.

"టీ కాచి ఇచ్చారనా, సార్?" అని నవ్వాడతను.

వాచిన మణికట్టుకు గుడ్డ చుట్టుకుంటూ ఆవిడ అంది: "టీ కూడా ఆయనే కాస్తారు బాబూ. నా చేతులు ఖాళీగా ఉంటేగా!"

అతనికి అర్థం కాలేదు. మాస్టారు ఓపిక తెచ్చుకుని రెక్క చూపించారు. అందులో రేకుల్ని కలిపి పట్టే మేకుల్లాంటి రివెట్లు నాలుగు వేలు. బయటినుంచి ఒకరు కొడుతున్నప్పుడు లోపలినుంచి మరొకరు ఇనుప దిమ్మ అదిమి పట్టకపోతే, వాటిలో ఒక్కటీ బిగియదు.