వంటగది గుమ్మంలో ఇరవై రెండేళ్ళు

పాత గరిటె ఎక్కడని సోమవారం పొద్దున మా ఆయన అడిగారు. పాత సామాన్లవాడికి వేసేశానని చెప్పాను. అక్కడ మొదలైంది.

ఆ గరిటెకు పిడి వంకర. పాలు కలిపేటప్పుడు చెయ్యి జారి వేళ్ళ మీద ఒలికేది. ఏడాదిగా దాన్ని వాడటం మానేసి పొయ్యి పక్కన మేకుకు తగిలించి ఉంచాను. కొత్తది కొన్నాక రెండూ ఒకే మేకుకు పట్టలేదు. పాతదాన్ని వదిలించుకున్నాను. ఇందులో పోట్లాడుకోవడానికి ఏముందని ఎవరైనా అనవచ్చు. మా ఇంట్లో అది ఉత్త గరిటె కాదు.

"రేపు ఆట పెట్టుకుని ఇప్పుడా పారేయడం?" అన్నారాయన.

"రేపు ఆడేది అతను కదండీ, గరిటె కాదుగా" అన్నాను.

ఆయన కాఫీ సగంలో వదిలేసి షాపుకు వెళ్ళిపోయారు. ఆయనది కళ్ళజోళ్ళ షాపు. అత్తయ్య తన గదిలోంచి అంతా విన్నట్టున్నారు. కాసేపటికి చేతికర్ర తాటించుకుంటూ వచ్చి, ఆ సామాన్లవాడి ఫోన్ నంబరు నా దగ్గర ఉందా అని మెల్లగా అడిగారు. లేదన్నాను. ఉంది.

ఈ గొడవకు మూలమైన మనిషి మాకు చుట్టం కాదు, మా భాషవాడూ కాదు. టెన్నిస్ ఆటగాడు. అతనికి పెద్ద పేరే ఉంది కాని మా ఇంట్లో ఆ పేరుతో ఎవరూ పిలవరు. 'మనవాడు' అంటారు. మనవాడికి జలుబు చేసిందట, మనవాడు కొత్త ఇల్లు కొన్నాడట. పెళ్ళయిన కొత్తలో ఈ మాటలు విని ఉంటే ఎవరో బంధువు అనుకునేదాన్నే.

మామయ్య చనిపోయిన ఏడాది అతను టీవీలోంచి మా ఇంట్లోకి వచ్చాడు. అప్పుడు అత్తయ్య తిండి మానేశారు, మాట మానేశారు. పొద్దున లేస్తే టీవీ ముందు కూర్చునేవారు, వాతావరణ వార్తల నుంచి సబ్బుల ప్రకటనల దాకా ఏది వస్తే అది చూసేవారు. ఒకరోజు అందులో పంతొమ్మిదేళ్ళ కుర్రాడు ఆడుతున్నాడు. చొక్కా భుజాల మీంచి వేలాడుతోంది. ఊడిన లేసు కట్టుకుంటుంటే వేళ్ళు వణుకుతున్నాయి. "వీడి తాలూకు ఎవరూ వచ్చినట్టు లేరు" అన్నారు అత్తయ్య. నెల రోజుల్లో ఆవిడ తనంతట తాను అన్న మొదటి మాట అది. మర్నాడు అతని ఆట ఎన్నింటికో కనుక్కోమన్నారు.

అతను ఫైనల్ దాకా వచ్చాడు. ఆ రోజు ఒక్క పాయింటు పోతే ఓటమి అన్న సమయంలో, పాలు కలుపుతున్న గరిటెతోనే నేను గుమ్మంలోకి వచ్చి ఎప్పుడు వడ్డించమంటారని అడిగాను. ఆ పాయింటు అతను గెలిచాడు. మా ఆయన వెనక్కి తిరక్కుండానే చెయ్యెత్తి కదలొద్దన్నారు. గంటన్నర కదలలేదు. పాలు మాడి ఇల్లంతా వాసన కొట్టింది. అతను గెలిచాడు. ఆ పూట అత్తయ్య రెండోసారి అడిగి వడ్డించుకున్నారు.

అందుకని నన్నెవరో బలవంతంగా నిలబెట్టారని చెప్పలేను. ఆవిడ తిన్నారన్న సంతోషంలో తర్వాతి ఆటకు అదే గరిటె పట్టుకుని నేనే వెళ్ళి నిలబడ్డాను. అప్పటినుంచి ఎవరి చోటు వాళ్ళకు స్థిరపడిపోయింది. అత్తయ్యకు సోఫాలో కుడి మూల. ఆయనకు పేముకుర్చీ. మా అమ్మాయి చిట్టికి ఆనాడు రెండేళ్ళు, టీపాయ్ కింద దూరి ఆడుకుంటోంది. ఇప్పుడు బ్యాంకులో ఉద్యోగం చేస్తున్న పిల్లను టీపాయ్ కింద దూరమనలేక, నేల మీద కూర్చుని కాళ్ళు మాత్రం కిందికి చాపితే చాలని రాజీపడ్డారు. నాకు వంటగది గుమ్మం.

గుమ్మంలోంచి తెర పూర్తిగా కనపడదు. పుస్తకాల బీరువా అంచు ఎడమవైపు మూడో వంతు కోసేస్తుంది. స్కోరు వేసేది ఆ మూలనే. అందుకని స్కోరు నేను అత్తయ్య భుజాలను బట్టి తెలుసుకునేదాన్ని. భుజాలు చెవుల దాకా లేస్తే ఓడిపోతున్నట్టు. ఎడమవైపు వెళ్ళిన బంతి బీరువాలోకి పోయినట్టే ఉండేది, తిరిగి బయటికొస్తే హమ్మయ్య అనుకునేదాన్ని. బీరువాను జరపమని తొలి ఏడే అడిగాను. ఆనాడు అది అక్కడే ఉంది కదా అన్నారు.

అయినా చూడాల్సింది చూశాను. మూడేళ్ళ కిందట అతను సర్వు చేసి దిగుతూ కుడికాలు మోపడానికి జంకుతున్నాడని నాకే ముందు తెలిసింది. చెబితే ఆయనకు కోపం వచ్చింది, నోటితో అనకు అన్నారు. రెండు నెలలకు పేపర్లో వచ్చింది, మోకాలు అరిగిందని. నాకు ఎందుకు తెలిసిందంటే, మెట్లు దిగేటప్పుడు నేనూ అలాగే జంకుతున్నాను. అదే కాలు.

నా మోకాలికి ఆపరేషన్ చేయాలని డాక్టరు చెప్పి ఏడాదిన్నర అయింది. మొదటిసారి తేదీ తీసుకున్నప్పుడు అతను దెబ్బ మానాక మళ్ళీ ఆడటం మొదలుపెట్టాడు. రెండోసారి, ఆట మానేస్తానన్నవాడు మానలేదు. రెండుసార్లూ నేనే సరే అన్నాను. మూడోసారి వెళితే, "ఇంకా ఆలస్యం చేస్తే రెండో మోకాలు కూడా నా దగ్గరికే తీసుకొస్తారు" అన్నారు డాక్టరు. ఈ శుక్రవారం చేస్తామన్నారు, గురువారం సాయంత్రం వచ్చి చేరాలి. అంతా ఖాయమయ్యాక అతను ప్రకటించాడు, ఈ టోర్నమెంటే తనకు ఆఖరిదని.

మంగళవారం సాయంత్రం ఆయన షాపు తలుపులు మూసి పెందలాడే వచ్చారు. కళ్ళజోడు నంబరు చూపించుకోవడానికి వచ్చిన పెద్దాయన్ని రేపు రమ్మన్నారట. అందరూ చోట్లలో కూర్చున్నారు. కొత్త గరిటె పట్టుకుని నేను నిలబడ్డాను. ఆయన ఓసారి గరిటె వైపు చూసి టీవీ శబ్దం పెంచారు.

మొదటి సెట్టు పోయింది. రెండోది పోయింది. అత్తయ్య భుజాలు చెవులను తాకుతున్నాయి. మూడో సెట్టు మొదట్లో నా మోకాలు పట్టేసింది. ముందుకూ రాదు, వెనక్కూ పోదు. తలుపు చెక్క పట్టుకుని మెల్లగా వెనక్కి జరిగాను, ఫ్రిజ్ పక్కన గోడకు ఆనుకుని నేల మీద కూలబడ్డాను.

నేల చల్లగా ఉంది. మొదట భయపడ్డాను, పిలుస్తారని. గుమ్మం ఖాళీగా ఉంది, ఇప్పుడో ఇంకాసేపట్లోనో ఎవరో ఒకరు చూస్తారు. ఏమని చెప్పాలో కూడా అనుకున్నాను. హాల్లోంచి బంతి చప్పుడు వస్తోంది. టక్కు, టక్కు. ఫ్రిజ్ ఆగి మళ్ళీ మొదలవుతోంది. చిట్టి కేక వేసింది. మా ఆయన గట్టిగా చప్పట్లు కొట్టారు. మూడో సెట్టు మనవాడికే వచ్చింది. నాలుగోదీ వచ్చింది. కాలు చాపుకుని నేను గోడ మీద జిడ్డు మరకలు చూస్తూ కూర్చున్నాను. ఆ మూల ఎప్పుడూ సరిగ్గా తుడవలేదని అప్పుడే గమనించాను. దాదాపు రెండు గంటలు. ఎవరూ వెనక్కి తిరగలేదు.

గెలిచాడని వాళ్ళ అరుపుల్లో తెలిసింది. గట్టు పట్టుకుని లేచేసరికి ఆయన నీళ్ళకోసం వచ్చారు. ముఖం వెలిగిపోతోంది.

"చూశావా? ఊరికే అంటామా నిలబడమని" అన్నారు.

గ్లాసు అందించాను. హాల్లో టీవీలో అతన్ని ఎవరో మోకాలు ఎలా ఉందని అడుగుతున్నారు. ఈ టోర్నమెంటులో అది ఒప్పుకున్నన్ని రోజులు ఆడతానన్నాడట. ఆయన కళ్ళు తడి అయ్యాయి. ఆ మోకాలి గురించి మా ఇంట్లో అరగంట మాట్లాడుకున్నారు.

బుధవారం మధ్యాహ్నం బట్టలు మడతపెడుతుంటే ఆసుపత్రి నుంచి ఫోన్. తేదీ మార్చమన్నారు కదా, వచ్చే నెల పద్దెనిమిది ఇవ్వమంటారా అని అడిగింది రిసెప్షన్లో అమ్మాయి. నేను మార్చమనలేదన్నాను. మీవారే ఉదయం ఫోన్ చేశారండీ అంది. ఇంట్లో ముఖ్యమైన కార్యక్రమం ఉందని చెప్పారట.

చేతిలో ఆయన చొక్కా ఉంది. దాన్ని మడత పూర్తి చేసి దొంతర మీద పెట్టాను. కోపం రాలేదు. కోపానికి కూడా కాస్త ఓపిక కావాలి. నిద్రలేని రోజు సాయంత్రం ఎలా ఉంటుందో అలా అనిపించింది. నన్ను అడిగి ఉంటే మూడోసారి కూడా సరే అనేదాన్నేమో. అడిగితే నా జవాబు వినాల్సి వస్తుందని భయపడి ఆయన అడగలేదు. గుమ్మంలో గరిటె ఉందా అని చూస్తారు కాని, గరిటె పట్టుకున్నది ఎవరని చూడరు.

శుక్రవారం చోటు ఇంకెవరికైనా ఇచ్చేశారా అని అడిగాను. ఇంకా లేదు, అయిదు లోపు చెప్పమంది. ఇప్పుడే చెబుతున్నాను, రాసుకో అన్నాను. ఎవరు ఫోన్ చేసినా నాతో మాట్లాడకుండా మార్చొద్దన్నాను. తర్వాత ఇంకో సంగతి కూడా అడిగాను. ఆ పిల్ల నవ్వి, ఉందని చెప్పింది.

రాత్రి భోజనాల దగ్గర నలుగురం కూర్చున్నాం. ఆయన గురువారం ఆట గురించి చెబుతున్నారు. అవతలివాడు ఇరవై ఏళ్ళవాడట, మనవాణ్ణి చూసే ఆట నేర్చుకున్నాడట. అత్తయ్యకు వడ్డించి నేనూ పళ్ళెం ముందు కూర్చున్నాను.

"రేపు సాయంత్రం నేను ఆసుపత్రిలో చేరుతున్నాను. ఎల్లుండి ఆపరేషన్" అన్నాను. "పొద్దున మీరు మార్చిన తేదీ నేను మళ్ళీ మార్పించాను."

ఆయన ముద్ద చేతిలోనే ఆగిపోయింది. చిట్టి తండ్రి వైపు చూసింది. "మార్చావా నాన్నా?" అంది. ఆ పిల్లకు తెలియదు.

"కొన్ని వారాలే కదా అనుకున్నాను. ఆఖరిసారి" అన్నారాయన, పళ్ళెం వైపు చూస్తూ. "ఇన్నేళ్ళు నిలబడ్డావు. చివరి రోజుల్లో..."

"నిన్న నిలబడలేదండీ."

"ఏంటి?"

"మూడో సెట్టు నుంచి ఫ్రిజ్ పక్కన కూర్చున్నాను, కాలు పట్టేసి. గెలిచింది అప్పుడే."

ఆయన అబద్ధం దొరుకుతుందేమోనన్నట్టు నా ముఖంలోకి చూశారు. చాలా రోజులకు తిన్నగా చూశారు. అప్పుడు అత్తయ్య మజ్జిగ గ్లాసు కింద పెట్టారు.

"నాకు తెలుసురా. గేముకీ గేముకీ మధ్య తెర నల్లబడుతుంది కదా, ప్రకటనలు రాకముందు. ఆ నల్లటి తెరలో వెనక వంటింటి దీపం, ఈ అమ్మాయి నీడ కనపడేవి. నిన్న దీపం ఒక్కటే ఉంది."

"మరి చెప్పలేదేం అమ్మా?"

"చెబితే పిలుస్తావుగా."

 చిట్టి రేపు సెలవు పెట్టి నాతో వస్తానంది. అత్తయ్య నా వైపు తిరిగి, తనను కూడా తీసుకెళ్ళమన్నారు, ఈ మెట్లు దిగడానికి ఎంతసేపు పట్టినా సరే అన్నారు. ఆయన ముద్ద నోట్లో పెట్టుకుని నెమ్మదిగా నమిలారు. ఆయన మంచివారు కాదని నేను ఎప్పుడూ అనుకోలేదు. ఆ రోజు కూడా అనుకోలేదు.

"ఆట ఆరింటికి" అన్నారు చివరికి, ఎవరితోనో తెలియనట్టు. "ఆ గదిలో టీవీ ఉంటుందంటావా?"

"అడిగాను. ఉందట" అన్నాను. "మంచానికి ఎదురుగా. మధ్యలో అడ్డం ఏమీ లేదట. మీరు వస్తే కుర్చీ ఎక్కడ వేసుకుంటారో మీ ఇష్టం. నేను మాత్రం పడుకునే చూస్తాను."