పొరుగు దిష్టి

నాగలక్ష్మి కూతురు కీర్తనకు ఆరేళ్ళు. ఆ పిల్లకు కోపం వచ్చిందంటే పటమటలోని ఆ అపార్టుమెంటంతా వినాల్సిందే. సాయంత్రం తల్లి ఆఫీసు నుంచి రాగానే మొదలవుతుంది. చెప్పులు విసిరేస్తుంది, పుస్తకాలు తన్నేస్తుంది, కింద పడి దొర్లుతుంది. ఎందుకే అని అడిగే ఓపిక నాగలక్ష్మికి ఎక్కడిది? మొగుడు ఇబ్రహీంపట్నం థర్మల్ స్టేషన్లో షిఫ్టుల మనిషి. ఇంటికొస్తే నిద్ర, లేస్తే డ్యూటీ. అందుకని ఆవిడ తనకు తెలిసిన వైద్యమే చేసేది. గుప్పెట్లో ఉప్పూ ఎండుమిరపకాయలూ పట్టుకుని, "ఇరుగు దిష్టి, పొరుగు దిష్టి" అంటూ పిల్ల చుట్టూ తిప్పేది.

ఓ రోజు ఏడుస్తున్న పిల్ల మధ్యలో ఆగి అడిగింది.

"నాకు కోపం దిష్టి వల్ల వస్తుందా అమ్మా?"

"మరి! బంగారంలాంటి పిల్లవి, ఊరికే ఎందుకొస్తుంది?"

"పొరుగంటే ఎవరు?"

"పక్కింటివాళ్ళు."

"తెరేసమ్మ మామ్మా?"

నాగలక్ష్మి అప్పటికే భుజానికీ చెవికీ మధ్య ఫోను ఇరికించుకుంది. అవతల మేనేజరు. "ఆఁ, ఆఁ, ఆవిడే" అనేసి, ఉప్పూ మిరపకాయలూ పెనం మీద వేసి, ఆ మాట అక్కడే మరిచిపోయింది. పిల్లలు మరిచిపోతారా!

తెరేసమ్మ పక్క ఫ్లాటులో ఒక్కతే ఉండే రిటైరైన నర్సు. స్కూలు ఆటో దిగిన కీర్తనను తల్లి వచ్చేదాకా కనిపెట్టుకుని ఉండేది ఆవిడే. పిల్లకు జ్వరమొస్తే నాగలక్ష్మి మొదట తట్టే తలుపు కూడా ఆ ఇంటిదే.

ఆ శుక్రవారం ఆఫీసులో సర్వర్ పనిచేయక నాగలక్ష్మి పెందలాడే వచ్చేసింది. తెరేసమ్మ ఇంటి తలుపు తీసే ఉంది. లోపల ఆవిడ గోడవైపు తిరిగి కూర్చుని, పెరుగన్నం ముద్ద పట్టుకున్న చెయ్యి మాత్రం పక్కకు చాపి ఉంది. కీర్తన వంగి ఆ ముద్ద నోట్లో పెట్టుకుంటోంది.

"ఇదేం ఆటండీ పిన్నిగారూ?" అంది నాగలక్ష్మి నవ్వుతూ.

తెరేసమ్మ మొహం తిప్పలేదు. "ఆట కాదమ్మాయ్. నా కళ్ళు పడితే దానికి కోపం వస్తుందంట గదా. నువ్వే చెప్పావంట. సోమవారం నుంచీ ఇంతే. చూడకుండా పెడితే తింటోంది, పోన్లే."

నాగలక్ష్మికి తల కొట్టేసినట్టయింది. ఈ వారమంతా రోజూ ఇదే గుమ్మంలోంచి పిల్లను తీసుకెళ్ళింది. రోజూ నవ్వుతూనే పంపింది ఆవిడ. ఏం తప్పు చేసిందని ఆ పెద్దావిడ తన ఇంట్లో తనే గోడకు మొహం పెట్టుకోవాలి? నిజం చెప్పేస్తే పోయేది. కానీ సిగ్గుపడ్డ మనిషి నోరు ముందు తప్పించుకోడానికే చూస్తుంది.

"అయ్యో, నేనెందుకంటానండీ! చిన్నపిల్ల, ఏదో కల్పించుకుని ఉంటుంది."

కీర్తన తల్లి మొహంలోకి చూసింది. మరుక్షణం కంచం ఎగిరిపడింది. గది నిండా మెతుకులు, చెవులు చిల్లులు పడే అరుపు.

తెరేసమ్మ గబుక్కున కొంగు కళ్ళకు అడ్డం పెట్టుకుంది. "నేను చూళ్ళేదే తల్లీ! ఒట్టు, చూళ్ళేదు!"

ఆ మాట వింటూనే నాగలక్ష్మి లోపలికొచ్చింది. మెతుకుల మధ్యే కూలబడింది. చేతులు ఊరికే ఉండక పిల్లను దగ్గరకు లాక్కోబోయాయి, పిల్ల రాలేదు.

"కీర్తనా, నువ్వేం కల్పించలేదే. నేనే అన్నాను. అదీ అబద్ధమే, ఇప్పుడన్నదీ అబద్ధమే. మామ్మ కళ్ళ వల్ల నీకు కోపం రాదు."

అరుపు తగ్గింది. "మరెందుకొస్తుంది?"

"నాకు తెలీదు. నేనెప్పుడూ అడగలేదుగా. నువ్వే చెప్పు."

పిల్ల ముక్కు తుడుచుకుంది. "మామ్మ ఫోన్లో దారిలో ఉన్నానంటావుగా. నేను పోయి గేటు దగ్గర నుంచుంటా. నువ్వు రావు. ముందు ఏడుపొస్తుంది. వాచ్‌మ్యాన్ నవ్వుతాడని ఏడవను, మళ్ళీ మామ్మ దగ్గరికొచ్చేస్తా. తర్వాత నువ్వొస్తావు. అప్పుడు కోపమొస్తుంది."

సీట్లోంచి కదలకుండానే దారిలో ఉన్నానని చెప్పడం నాగలక్ష్మికి అలవాటు. పిల్ల ఊరుకుంటుందని చెప్పేది. తెరేసమ్మ ముందు తలెత్తలేకపోయింది. పిల్ల ముందు అసలే ఎత్తలేకపోయింది.

"అలా నుంచోబెడితే ఎవరికైనా కోపం వస్తుందే," అంది చివరికి. "నీది తప్పు కాదు."

కీర్తన లేచి, మెతుకులు తొక్కుకుంటూ వెళ్ళి, ఇంకా దించని ఆ కొంగును రెండు చేతులతో కిందికి లాగింది.

"నువ్వు కాదంట మామ్మా. అమ్మంట."

"అవునండీ," అంది నాగలక్ష్మి.