నీకో గ్లాసు, కంప్యూటర్‌కో గ్లాసు

సూర్యాపేట నుంచి మిర్యాలగూడ దాకా, మిర్యాలగూడ నుంచి కోదాడ దాకా ఎక్కడైనా అడగండి, కంప్యూటర్‌కు నీళ్ళు పట్టిన మనిషి గరిడేపల్లి కాంటా సువార్తమ్మ ఒక్కతే. ఎంత చల్లగా పట్టిందంటే, నడి మే నెలలో, రేకులు పెనంలా కాలే మిట్టమధ్యాహ్నం, ఆ డబ్బా పక్కన కూచున్న మనిషి గజగజ వణికి దుప్పటి అడిగాడు. అయిన ఖర్చు బస్తా వడ్ల ధర కూడా లేదు. నమ్మనివాళ్ళు నమ్మకండి గాని, వినడానికేం పోయింది?

కాంటా అంటే లారీలూ ట్రాక్టర్లూ లోడుతో సహా ఎక్కి తూగే ఇనుప బల్ల. దాని పక్కన ఒక రేకుల గది. గదిలో ఒక కుర్చీ, ఒక కంప్యూటర్, చీటీ కొట్టే ప్రింటర్. ఆ కుర్చీలో సువార్తమ్మ పదకొండేళ్ళుగా కూచుంటోంది. మిర్యాలగూడ మిల్లులకు పోయే వడ్లు ముందు ఇక్కడ తూగాకే కదులుతాయి. ఆమె చీటీ జేబులో ఉన్న రైతుతో మిల్లు గేటు దగ్గర ఎవరూ వాదం పెట్టుకోరు. పదకొండేళ్ళలో తూకం తప్పిందన్నవాడు ఒక్కడే. వాడు కూడా ట్రాలీలో మేకను మరిచిపోయి తూచుకున్నవాడు.

ఆ యాసంగి కోతల్లో కంప్యూటర్‌కు ఎండదెబ్బ తగిలింది. వడ్ల దుమ్ము లోపలి ఫ్యానులో దూరి కూచుంది. తెర మూలన దాని వేడి ఎంతో ఒక అంకె కనిపిస్తూ ఉంటుంది. తొంభై, తొంభై అయిదు, వంద. వంద అయిందంటే కన్ను మూసేది. బల్ల మీద ట్రాక్టర్ అలాగే, వెనకాల ఇరవై బండ్లు అలాగే, హారన్లు మాత్రం ఆకాశానికి. మళ్ళీ లేపడానికి పది నిమిషాలు. సువార్తమ్మ డబ్బా విప్పి పెయింటు బ్రష్‌తో దుమ్ము దులిపింది. ఇంట్లో టేబుల్ ఫ్యాన్ తెచ్చి పెట్టింది. ఆ ఫ్యాను రేకుల వేడినే పోగుచేసి దాని ముఖాన కొట్టింది.

కాంటా యజమాని సత్యనారాయణ హుజూర్‌నగర్‌లో ఉంటాడు. వాడపల్లి సిమెంటు బస్తాలు దించుకోవడానికి ఈ స్థలం గోదాముగా కావాలని ఎవరో ఆయన వెంట పడుతున్నారు. ఒక సోమవారం వచ్చాడు. ఆయన కళ్ళ ముందే కంప్యూటర్ రెండుసార్లు ఆగింది. ఆయన కోప్పడలేదు. కోప్పడితే బాగుండేది.

"సువార్తమ్మా, వచ్చే సోమారం నేనొచ్చి నీ పక్కన్నే కూసుంట. నా ముంగట ఒక్కసారి ఆగినా సరే, కాంటాకు తాళం. గోదాముకు మాట ఇస్త," అన్నాడు.

"ఆగకపోతె?"

"ఆగకపోతె నీ కుర్చీ నీదే."

మర్నాడు ఆమె సూర్యాపేట బస్సెక్కింది. కంప్యూటర్ల దుకాణం శ్రీకాంత్ కొత్తది కొనమన్నాడు. కొనేది యజమాని, ఆయన కొననన్నాడు, మరి దీన్నే చల్లబరిచే దారి లేదా అని అడిగింది. పట్నంలో కంప్యూటర్ మీద ఆటలాడే కుర్రాళ్ళు కొందరు లోపల నీళ్ళు తిప్పుతారని, ఆ సామాను ధర ఆమె కంప్యూటర్ కంటే ఎక్కువని అతను నవ్వుతూ చెప్పాడు. నీళ్ళు ఎటు నుంచి ఎటు తిరుగుతాయని ఆమె అడిగింది. వేడెక్కే బిళ్ళ మీద రాగి ముక్క, దానిలోంచి గొట్టం, గొట్టానికి మోటరు, అంతే కదా అని తనే లెక్క తేల్చి, అయితే నేనే కట్టుకుంటానంది.

"ఆంటీ, నీళ్ళు పోస్తె కంప్యూటర్ మొలకెత్తుతదా?" అన్నాడు శ్రీకాంత్. దుకాణంలో ఉన్న నలుగురూ నవ్వారు.

ఆమె రాగికీ బిళ్ళకూ మధ్య రాసే తెల్ల పేస్టు చిన్న ట్యూబు ఒకటి కొని, పర్సు మూసింది. "మొలకెత్తితె మొదటి ఫోటో నీకే పంపుత," అని మెట్లు దిగింది.

అక్కడి నుంచి నేరుగా లచ్చయ్య దగ్గరికి పోయింది. లచ్చయ్య డెబ్బై అయిదేళ్ళవాడు, ఒకప్పుడు చుట్టుపక్కల ఊళ్ళలో ఆయిల్ ఇంజిన్లన్నీ బాగుచేసినవాడు. కరెంటు మోటర్లు వచ్చాక ఆ చేతులకు పని లేకుండా పోయింది. కంప్యూటర్ అన్న మాటకు ముందు అడ్డంగా తలూపాడు. వంద దాకా వేడెక్కి ఆగిపోతుందని వినగానే లేచి కూచున్నాడు.

"ఇంజినేదైనా ఇంజినే బిడ్డా," అన్నాడు. "కడుపుల మంట లేస్తె నీళ్ళు తిప్పాలె. నా ఇంజిన్లకు వేలు లావు పైపు పెడుతుంటి. అవతలికెల్లి వచ్చే నీళ్ళు గోరువెచ్చగుంటె ఇంజిన్ బతికినట్టు."

రాగి కోసం కోదాడ పోయారు. ఫ్రిజ్జులు బాగుచేసే ఫకీరా, ఈ గొట్టం ఏ ఫ్రిజ్జుకమ్మా అని అడిగాడు. కంప్యూటర్‌కని చెబితే మొదట పరాచికం అనుకున్నాడు, తర్వాత పట్టుదల పట్టాడు. అగ్గిపెట్టెంత రాగి పలక మీద గొట్టాన్ని మురుకులా చుట్టి తనే అతికి ఇచ్చాడు. ఆ పలక అడుగును లచ్చయ్య ఇంటికి తెచ్చి, ఇంజిన్ వాల్వులు అరగదీసే పేస్టుతో అద్దం మీద పెట్టి ఒక పూటంతా రుద్దాడు. తన ముఖం అందులో కనిపించేదాకా ఆపలేదు. కనిపించాక, ఇంత ముసలోడినయ్యానా అని కాసేపు బాధపడ్డాడు.

మిగతాదంతా దొరికిన సామానే. ఇళ్ళు కట్టే మేస్త్రీలు మట్టం చూసే లెవల్ పైపు, పాత కూలర్లోని అరచేతిలో పట్టే మోటరు, నీళ్ళకు ఒక రంజన్. మట్టి రంజన్ దేనికంటే, ఎంత వేడి నీళ్ళు తిరిగి వచ్చినా ఒళ్ళంతా చెమర్చి చల్లబరిచేది అదొక్కటే కదా. గది బయట రేకుల నీడలో దాన్ని పెట్టి, కిటికీలోంచి రెండు పైపులు లోపలికి తెచ్చారు.

గురువారం బిగించారు. అంకె తొంభై ఏడు నుంచి మెల్లగా దిగి అరవై ఆరు దగ్గర నిలబడింది. ఇక్కడే ఆ దుప్పటి సంగతి ఒప్పుకోవాలి. దుప్పటి అడిగిన మాట నిజం, అడిగింది లచ్చయ్య. వణికి కాదు. పైపు అతుకు కారి కంప్యూటర్ పక్కన నీళ్ళు పడుతుంటే తుడవడానికి. గదిలో చలి లేదు, ఇద్దరి చొక్కా, జాకెట్టు పిండితే ఇంకో రంజన్ నిండేది. అతుకుకు సైకిల్ ట్యూబు ముక్క చుట్టి, క్లిప్పు బిగించాక కారడం ఆగింది.

శుక్రవారం మధ్యాహ్నం అంకె మళ్ళీ పైకి పాకింది. డెబ్బై, ఎనభై నాలుగు, తొంభై మూడు. బయట మోటరు గొంతు మారి గరగరమంటోంది. సువార్తమ్మ పరుగున బయటికి వచ్చింది. రంజన్ దగ్గర హమాలీ మట్టయ్య స్టీలు గ్లాసుతో అడుగున ఉన్న నీళ్ళు గీకుతున్నాడు. అతని వెనక ఇద్దరు డ్రైవర్లు గ్లాసు కోసం నిలబడి ఉన్నారు. ఎండాకాలం, నీడలో రంజన్. అది తాగడానికి కాదని ఎవరికి తడుతుంది?

"సల్లగనే ఉన్నయ్ గని, జర రాగి వాసనొస్తున్నయక్కా," అన్నాడు మట్టయ్య.

ఆమె లోపలికి పరుగెత్తింది. క్యాన్‌లో నీళ్ళు తెచ్చి గుమ్మరించింది. తొంభై ఎనిమిది దాకా పోయిన అంకె ఆగి, తిరిగి దిగింది. ఆ రాగి గొట్టంలో, అతుకుల్లో తిరిగిన నీళ్ళు తాగేవి కావని మట్టయ్యకు చెప్పి, కడుపులో ఏమైనా తేడా చేస్తే వెంటనే చెప్పమంది. అతను భయపడలేదు, ఇక లెక్కలు బాగా వస్తాయేమో అన్నాడు.

లచ్చయ్య ఒక అట్టముక్క తెచ్చాడు. "నీళ్ళు ముట్టరాదు అని రాయి బిడ్డా. సోమారం గిట్లయితె నీ కుర్చీ ఖతం."

సువార్తమ్మ అట్టముక్క తీసుకుంది, పెన్ను తీసుకుంది, రెండూ కింద పెట్టింది.

"ఎండకు వచ్చినోన్ని నీళ్ళకాడ ఆపే రాత నా చేతితోటి రాయ పెద్దయ్యా. కుర్చీ పోతె పోనియ్యి."

ఆ సాయంత్రం ఇంకో రంజన్ కొనుక్కొచ్చి మొదటి దాని పక్కన పెట్టింది. ఒకటి మనుషులకు, ఒకటి కంప్యూటర్‌కు. కంప్యూటర్ రంజన్‌కు మూత పెట్టి, మూతకు నీళ్ళు పోయడానికి చిన్న కన్నం చేయించింది. అప్పుడు అదే అట్టముక్క మీద పెద్ద అక్షరాలతో రాసింది: నీకో గ్లాసు, కంప్యూటర్‌కో గ్లాసు.

తాగినవాడల్లా ఒక గ్లాసు పోయడం మొదలుపెట్టాడు. కొందరు నవ్వుతూ పోశారు, కొందరు దండం పెట్టి పోశారు. ఒక డ్రైవర్ తన క్లీనర్‌కంటే ఇదే నయం, అడగకుండా తాగదు అన్నాడు. కొత్త నీళ్ళు పడుతున్న కొద్దీ అంకె అరవైకి దిగింది. ఎక్కువైన నీళ్ళు అంచు మీదుగా కారి, కింద రాలిన వడ్లలోకి ఇంకిపోయాయి.

సోమవారం పదింటికి సత్యనారాయణ తాళం కప్పతో వచ్చి ఆమె పక్కన కూచున్నాడు. రోడ్డు మలుపు దాకా ట్రాక్టర్లు. ఆమె ఆయన వైపు చూడలేదు. నంబరు రాసుకోవడం, తూకం చూడడం, చీటీ కొట్టి కిటికీలోంచి ఇవ్వడం, ఇంతే. ఆయన మాత్రం తెర మూలన అంకె తప్ప ఇంకేమీ చూడలేదు. పన్నెండుకు అరవై ఒకటి. రెండింటికి అరవై అయిదు. మూడింటికి ఆయన చొక్కా వీపుకు అతుక్కుపోయింది. ఈ పైపులు పగిలితే ఎట్లా అని అడిగాడు. పగిలితే మార్చుకుంటానని, అది మేస్త్రీల పైపు కాబట్టి ఏ ఊళ్ళోనైనా దొరుకుతుందని ఆమె తల తిప్పకుండానే చెప్పింది. నాలుగున్నరకు యాభై ఎనిమిదో ట్రాక్టర్ బల్ల దిగింది. కంప్యూటర్ ఒక్కసారీ కన్ను మూయలేదు.

ఆయన లేచాడు. బయటికి వచ్చి రంజన్ దగ్గర రెండు గ్లాసులు గుక్క తిప్పుకోకుండా తాగాడు. వరుసలో ఉన్నవాళ్ళంతా చూస్తున్నారు.

"పటేలా, నీకైంది. దానికి?" అన్నాడు మట్టయ్య అట్టముక్క చూపించి.

సత్యనారాయణ ఒక గ్లాసు నింపి కంప్యూటర్ రంజన్‌లో పోసి, కారెక్కి వెళ్ళిపోయాడు. తాళం కప్ప గదిలో ప్రింటర్ పక్కనే మరిచిపోయాడు. ఇప్పుడది చీటీలు గాలికి ఎగరకుండా వాటి మీద బరువుగా ఉంటుంది.

రంజన్ కింద తడిసిన వడ్లు మరో రెండు రోజులకు పచ్చగా మొలిచాయి. సువార్తమ్మ వంగి ఫోటో తీసి సూర్యాపేటకు పంపింది. కింద ఒక్క మాటే రాసింది: మొలకెత్తింది.

ఇంతా చెప్పి ఒకటి దాచడం నాకు చేతకాదు. యాభై ఎనిమిది ట్రాక్టర్లు నిజం, తాళం కప్ప నిజం, మేక కూడా నిజమే. సత్యనారాయణ గ్లాసు పోశాడన్నది మాత్రం నా కల్పన. తాగాడు, మట్టయ్య మాట విననట్టు కారెక్కాడు. ఆ కారు మలుపు తిరిగేదాకా చూసి, ఆయన తాగి పెట్టిన గ్లాసునే నింపి, ఆయన పేరు చెప్పి పోసింది సువార్తమ్మ.