పొడిగ కూసున్న రోజు

జులై వచ్చిందంటే లస్మయ్య సారు పాలమూరు బస్సు దిగి, చేతిల గొడుగు, చంకల రిజిస్టరుతోని బొంబాయిల కామాటిపుర ఏడో గల్లీకి వస్తడు. ఆయన సర్కారు వ్యవసాయం సారు. ఏ చెల్కల ఏం విత్తాలె, పురుగు పడితే ఏం కొట్టాలె అని రైతులకు చెప్పుడే ఆయన పని. రైతులేమో సగంమంది బొంబాయిల తట్టలు మోయవట్టిరి. మరి సారు ఎవరికి చెప్పాలె, గట్టు మీది తుమ్మచెట్టుకా? అందుకే ఆయనే వస్తడు.

వచ్చినందుకు పని గూడ అయితది. పాలమూరుల ఎవరి చెల్క మీద వాన పడితే వాళ్ళు ఇక్కడ తడుస్తరు గద. నాగ్‌పాడాల రేకుల కార్ఖానాల పనిచేసే గంగారాం, నెత్తి మీద కప్పు ఉండంగనే నిలువునా తడుస్తడు. సేటు ఆయన్ని కరెంటు మిషనుకు దూరంగ కూసోబెట్టిండు. సారు పోయి ఆయన అంగీ పిండి చూస్తడు.

"ఇది దుమ్ము అణిగే వానే గంగారాం. ఇప్పుడే విత్తొద్దని ఇంటికి కారటు రాయి" అంటడు.

ఎనభై ఆరో సంవత్సరంల మాత్రం రిజిస్టరుల రాములమ్మ పేరు దగ్గర సారు పెన్ను ఆగింది. రాములమ్మ మొగడు పోయి మూడేండ్లు. ఎకరంనర చెల్కను దున్నక పడావు పెట్టి, ఈడ మేస్త్రీ కింద ఇటుకలు మోస్తున్నది.

"నా పేరు కొట్టెయ్యుండ్రి సారూ" అన్నదామె. "ఊరిడిసినప్పటి సంది నా మీద చుక్క పడలే. చెల్క నన్ను మరిచింది. ఎల్లుండి మా బావ కాగితం తెస్తడు, నిశానీ పెడ్త."

బావ పెంటయ్య తన వంతు పోయినేడే అమ్ముకున్నడు. ఇప్పుడు ఈమె వంతు గూడ రాయించుకొని అదే ఆసామికి అమ్మాలని చూస్తున్నడు.

సారుకు మండింది. "చుక్క పడలేదని ఎట్ల చెప్తవమ్మా? వానకాలమంతా ఆ కట్టడం మీద బొంబాయి వానలనే నానుతుంటివి. ఏది ఈడి వానో, ఏది ఊరి వానో నీకెట్ల ఎరుక? ఎల్లుండి పనికి పోకు. కప్పు కింద పొడిగ కూసో."

"రోజు కూలి పోతది సారూ."

"చెల్క పోతుంటే లేని రంది కూలికా?"

ఆ రోజు రాములమ్మ ఉతికిన చీర కట్టుకొని తారాబాయి ఖోలీల కూసున్నది. తారాబాయి ముత్తాత నాడు రాళ్ళు కొట్ట బొంబాయి వచ్చిన ఇంటిది. ఏ ఊర్ల జానెడు భూమి లేదు, జన్మల తడవలేదు. "ఇక్కడ బస్ గ, కూసో, కిటికీకి దూరం. ఫర్శీ ఇప్పుడే తుడిసిన" అన్నది.

బయట బొంబాయి వాన దంచుతున్నది. లోపల రాములమ్మ ఊకె రవిక చేతులు తడిమి చూసుకున్నది. ఆశ పెట్టుకోవద్దు అనుకుంటనే పెట్టుకున్నది పాపం. పొద్దుగాల గడిచింది, పగటీలి గడిచింది. చుక్క లేదు.

చాయ్ యాళ్ళకు పెంటయ్య కాగితం, సిరా డబ్బ పట్టుకొని వచ్చిండు. "సారూ, మీరే సాచ్ఛి" అన్నడు. పొద్దుగాల నుంచి గడప కాడనే కూసున్న లస్మయ్య సారు రిజిస్టరు మూసి పక్కకు పెట్టిండు. పెంటయ్య మరదలు బొటనవేలు పట్టి సిరాల ఒత్తిండు. అంతల కాగితం మీద టప్పుమని ఒక చుక్క పడ్డది.

"ఏడ్వకు రాములమ్మా" అన్నడు పెంటయ్య.

"ఏడుస్తలేను బావా."

చుక్క మోచేతి నుంచి పడ్డది. పెంటయ్య తువాలతోని ఆ వేలు తుడిచి, మళ్ళ సిరా పూసి ఒత్తిండు. కాగితం మీద నీలం నీళ్ళే తప్ప నిశానీ పడలేదు. ఇంకోసారి తుడిచిండు, ఇంకోసారి ఒత్తిండు. అప్పటికే కొప్పుల నుంచి, కొంగు నుంచి ధార కట్టింది. ఎకరంనర అని రాసిన అక్షరాలు కారి చాప మీదికి పోయినయి.

"అరే, బాల్దీల పిండు గ! నా ఫర్శీ ఖరాబ్ అయితున్నది" అని తారాబాయి బకెటు జరిపింది.

సారు రాములమ్మ కొంగు పిండి, నీళ్ళల్ల వేలు ముంచి వాసన చూసిండు. ఎర్రమట్టి వాసన. "జానెడు లోతు దిగింది" అన్నడు. "జొన్నకు అదును దాటింది. ఆముదం పెట్టు. తడి ఆరకముందే పెట్టాలె, నాలుగు రోజులే టైమున్నది."

"మూడేండ్లు పడావు పెట్టిన గద సారూ. అయినా పడ్డదా?"

"పడావు భూమి మీద వాన పడొద్దని ఎవరన్నరు?"

రాములమ్మ అప్పుడు ఏడ్చింది. ఆ నీళ్ళల్ల ఈ నీళ్ళు ఎవరికీ తెల్వలేదు.

పెంటయ్య గోడకు ఒరిగి తన చేతులు చూసుకున్నడు. గట్టు ఈవల ఈమెది, ఆవల తనది. పోయినేడు అమ్మకముందు, ఇదే దినాల తను గూడ తడిసిండు. ఇప్పుడు ఒంటి మీద వెంట్రుక గూడ తడి లేదు. తువాల తీసి మరదలికి ఇచ్చిండు. "తల తుడుచుకో. సలి పెడ్తది."

"వద్దు బావా. తడవనీ."

తెల్లారి పాలమూరు బస్సు ఎక్కినప్పటికీ ఆమె కొంగు నుంచి నీళ్ళు కారుతనే ఉన్నయి. కండక్టరు వింతగ చూడలేదు. తడిసినోళ్ళకని ఎప్పుడూ ఖాళీగ ఉంచే వెనక సీటు చూపించిండు.

"మళ్ళ పనికి ఎప్పుడొస్తవమ్మా?" అని అడిగిండు, టికెటు చింపుకుంట.

"పనికే పోతున్న" అన్నది రాములమ్మ.