చెర్రీలు పండేదాకా

విల్కోది ఉప్పు పట్టించి గాలికి ఆరబెట్టిన పంది తొడల వ్యాపారం. సెజానా పట్నం చుట్టుపక్కల రాళ్ల ఊళ్లలో ఎవరు తొడ కొనాలన్నా ముందు అతన్నే పిలిచేవాళ్లు. సన్నటి ఎముక సూదిని మాంసంలోకి గుచ్చి, తీసి, ముక్కు దగ్గర పెట్టుకునేవాడు. లోపల కుళ్లుంటే అక్కడే తేలిపోయేది. పైకి నిగనిగలాడే సరుకు చాలాసార్లు అతన్ని ముంచబోయింది. అందుకే మనుషుల్ని కూడా గుచ్చి చూడందే నమ్మేవాడు కాదు.

అలాంటివాడు ఒక చెట్టు మీద మనసు పారేసుకున్నాడు. రాతిగనిలో పనిచేసే బోజో, పాడుబడ్డ గని అంచున బండ సందులో ఇరుక్కుని గాలికి వంగిపోయిన ముసలి యాష్ చెట్టునొకదాన్ని వేళ్లతో సహా తవ్వి తెచ్చాడు. మోకాలెత్తు కూడా లేదు. విల్కో మంచి తొడ ఒకటి ఇచ్చి దాన్ని తీసుకున్నాడు. ఏళ్ల తరబడి కొమ్మలు కత్తిరించి, తీగ చుట్టి వంచి, చూసినవాళ్లు నిలబడిపోయే బోన్సాయ్ చేశాడు. వచ్చే వసంతంలో ఊళ్లో జరిగే బోన్సాయ్ ప్రదర్శనలో మొదటి బల్ల మీద చోటు దానికేనని అందరూ అనుకున్నారు.

చలికాలం చివర కుండీ మార్చాల్సి వచ్చింది. వేళ్లు కోయడం బోజోకి తెలిసినట్టు ఇంకెవరికీ తెలియదు. అతనే వచ్చి కోసి, కొత్త మట్టి నింపి, చేతులు దులుపుకుంటూ అన్నాడు.

"ఈ ఏడు ప్రదర్శన వద్దులే. చిగురు ఆలస్యమవుతుంది. వేసవి మొదలై చెర్రీలు పండేదాకా దీని జోలికెళ్లకు."

ఆ మాట విల్కో చెవికి తేడాగా తగిలింది. అనుమానమున్న తొడ అంటగట్టినప్పుడు తానూ ఇదే అనేవాడు: ఇంకొన్నాళ్లాగి కోయండి, రుచి ఊరుతుంది. గడువు అడిగేవాడి సరుకులో ఏదో లోపముంటుంది. పైగా ఆ ప్రదర్శనకి బోజో తాను పెంచిన చెట్టొకటి కూడా వెళ్తోంది.

కొండ మీద మిగతా చెట్లన్నీ చిగురించాయి. యాష్ మొగ్గలు బూడిదరంగులో బిగుసుకునే ఉన్నాయి. విల్కో గోటితో బెరడు గీకి చూశాడు. కింద పచ్చగా ఉంది. మర్నాడు ఇంకోచోట గీకాడు.

"కాఫీ కూడా తాగకుండా ఆ గోకుడేంటయ్యా?" అంది భార్య నెవెంకా. "దానికేమైనా దురదా?"

"బతికుందో లేదో చూడొద్దా?"

"పచ్చగానే ఉందిగా."

"ఈ పక్కన ఉంది. ఆ పక్క సంగతేంటి? బోజో వేళ్లు ఎక్కువ కోశాడు. కావాలనే."

"పాపం, నన్ను కూడా ఇలాగే గుచ్చి చూసి చేసుకున్నావా?"

"నీకు మీ నాన్న హామీ ఇచ్చాడు."

గోరు చాలక చిన్న కత్తి తీసుకున్నాడు. రోజుకో చోట గీకుతూపోతే, ఒక గీత ఇంకో గీతను కలుసుకుంది.

ప్రదర్శన అయిపోయాక ఒక ఉదయం బోజో వచ్చాడు. కుండీని మెల్లగా ఒక చుట్టు తిప్పి చూశాడు.

"ఎవడ్రా దీన్ని ఒలిచింది?"

"నేనే. నువ్వు చంపావేమోనని చూశా."

"ఏ పక్కన గీకినా పచ్చగానే కనబడి ఉంటుంది కదరా."

"కనబడింది."

"మరి?"

విల్కో చిన్న కత్తిని జేబులో వేసుకున్నాడు. బోజో మోడు మొదట్లో వేలు పెట్టి చూపించాడు.

"బెరడు చుట్టూరా తెగిపోయింది. ఇంతకాలం నువ్వు పెంచిందంతా పోయినట్టే. ఇదిగో, మట్టి దగ్గర మొగ్గ ఉబ్బుతోంది. నాకివ్వు, మా పెరట్లో నేలలో పెడతా. మోడు కింద వేరన్నా దక్కుతుందేమో."

చెట్టు తవ్వినవాడికే తిరిగి చేరుతోంది. విల్కో ఆలోచించాడు. ఇవ్వకపోతే కుండీలో చస్తుంది. ఇస్తే?

"బతికితే నాది."

"నీదే."

"కొమ్మ కోయాలంటే నన్నడగాలి."

"అడుగుతా."

"కుండీ నాది."

"ఇప్పుడే ఉంచేసుకో." బోజో చెట్టును ఊడదీసి తడి గోనెలో చుట్టి చంకన పెట్టుకున్నాడు.

బేరమాడకుండా అన్నిటికీ ఒప్పుకున్నవాణ్ణి విల్కో ఎన్నడూ నమ్మలేదు. ఖాళీ కుండీతో గేటు దగ్గర నిలబడి, అతను మలుపు తిరిగేదాకా చూశాడు.

"ఏం చూస్తున్నావు?" అంది నెవెంకా.

"మరీ తొందరగా నడుస్తున్నాడు."

"వేళ్లు ఆరిపోతాయని కాబోలు."

"అడిగితే వాడూ అదే అంటాడు."