దుర్గమ్మ వేసిన పీట

షట్టరు హ్యాండిలు నాలుగు చుట్లు తిప్పేసరికి తూము కింద నీళ్లు గుడగుడమన్నాయి. లాజరు కట్ట మీద వంగి, గోడ మీది గీతలు చూశాడు. ఇంకా రెండు గీతలు తక్కువ. మరో అర చుట్టు తిప్పి, హ్యాండిలు ఊడదీసి భుజాన వేసుకున్నాడు. పొద్దున్న ఆరున్నర అయింది. నిడమనూరు దాటాక కాలువ మీద ఇది మొదటి తూము. ఇక్కడి నుంచి చివరి తూము దాకా నాలుగు కిలోమీటర్లు కట్ట మీద నడవాలి, మళ్లీ నాలుగు కిలోమీటర్లు వెనక్కి రావాలి. ఇరవై ఎనిమిదేళ్లుగా లాజరు ఉద్యోగం ఇదే. కాలువ లష్కర్ అంటే పిలుపు ఘనమే గానీ, చేతికి ఇచ్చేది ఈ ఇనుప హ్యాండిలు ఒక్కటే, మిగతాదంతా కాళ్లే చేయాలి.

మనిషి పొడుగు, సన్నం. ఖాకీ చొక్కాకు రెండో గుండీ తెల్లది, ఎప్పుడో ఊడితే భార్య మంజుల చేతికి దొరికిన గుండీ కుట్టేసింది. మాటలు బహు తక్కువ. పలకరిస్తే తలూపి పోయేవాడు. నోరు తెరిస్తే ముత్యాలు రాలతాయేమో అని కట్ట కింది రైతులు నవ్వుకునేవాళ్లు. అలాంటి లాజరుకు యాభై మూడో ఏట మాటలొచ్చాయి. దానికి కారణం కుడికాలి పిక్క.

మూడేళ్ల కిందట మొదలైంది. మూడు వందల అడుగులు వేస్తే చాలు, పిక్కను ఎవరో పిండినట్టు పట్టేసేది. అయిదు నిమిషాలు కూర్చుంటే విడిచేది. లేచి నడిస్తే మళ్లీ అంతే. లాజరు ఎవరికీ చెప్పలేదు. నడవలేని లష్కర్ ఎందుకు పనికొస్తాడు? అందుకని ఆగిన ప్రతిచోటా ఒక సాకు కావలసివచ్చింది. మోరీ గోడ మీద చెప్పు సవరించుకుంటున్నట్టు కూర్చునేవాడు. కిష్ట్యా మోటారు కొట్టం దగ్గర బీడీ ముట్టించేవాడు. ఆ తర్వాత కాలు మొరాయించేది సరిగ్గా దుర్గమ్మ ఇంటి ముందు. కట్టను ఆనుకుని రెండు గదుల రేకుల ఇల్లు, ఒక బర్రె, ఒంటరి మనిషి. అక్కడ చెప్పూ కుదరదు, బీడీ కుదరదు. మొదటి రోజు ఆమె గడప మీద కూలబడి, తోచక, "నీ సల్ల బాగుంటదంట గద పెద్దమ్మా" అన్నాడు. ఆమె మజ్జిగ సంగతి ఎవరూ చెప్పిన పాపాన పోలేదు.

రెండో రోజు వెళ్లేసరికి గడప పక్కన పీట వేసి ఉంది. తుమ్మచెక్క పీట, నాలుగు కాళ్లలో ఒకటి కురచ. దాని కింద పెంకు ముక్క పెట్టి ఉంది.

ఒకరి గడపలో అయిదు నిమిషాలు మూగగా ఎలా కూర్చుంటాం? ఏదో ఒకటి మాట్లాడాలి. వానల గురించి, బర్రె ఈనడం గురించి, కోదాడలో ఉండే ఆమె కూతురు సరళ గురించి మాట్లాడాడు. అయిదు నిమిషాలు పదయ్యాయి. కాలు ఎప్పుడో విడిచినా మాట విడిచేది కాదు. ఇంటికెళ్లి ఆ ముచ్చట్లే మంజులకు చెప్పేవాడు. పెళ్లయిన ముప్పై ఏళ్లకు మొగుడి నోట మాట విన్నానని ఆమె తెగ సంబరపడిపోయింది.

పోయిన వానాకాలం కుడి బొటనవేలికి ముల్లు గుచ్చుకుంది. నెలన్నరైనా పుండు మానలేదు. చెప్పు కరిచిందని లాజరు అబద్ధమాడితే దుర్గమ్మ ఊరుకోలేదు. స్వయంగా మంజుల దగ్గరికి పోయి, రేపే సూర్యాపేట తీసుకుపో, లేకపోతే నేనే ఈడ్చుకుపోతానని గట్టిగా చెప్పి వచ్చింది.

సూర్యాపేట డాక్టరు పాదం మీద వేళ్లు పెట్టి చాలాసేపు నాడి వెతికాడు. చేతికి చూసినట్టే చీలమండ దగ్గర కూడా బీపీ చూశాడు. ఏం పనిచేస్తావని అడిగి, లష్కర్ అని తెలిశాక అతనికి చెప్పడం తేలికైంది. తొడ దగ్గర రక్తనాళంలో పూడిక పేరుకుంది, పాదం చివరి పొలం, దానికి నీళ్లు అందడం లేదు, ఇట్లాగే వదిలేస్తే ఎండిపోతుంది అన్నాడు. ఎండిపోతే ఏమవుతుందో మంజుల అడగలేదు, కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. గజ్జలోంచి సన్నటి తీగ పంపి, బుడగ ఊదించి పూడికను పక్కకు ఒత్తారు. మళ్లీ మూసుకోకుండా జాలీలాంటి స్టెంటు పెట్టారు. లాజరు మెలకువగానే ఉండి అంతా తెరమీద చూశాడు. పూడిక తీయకుండానే పారకం ఇచ్చారే అని ఆశ్చర్యపోయాడు. ఆ రాత్రంతా కాలు కదపకుండా పడుకోమన్నారు. తెల్లవారి మంజుల వేళ్లు పట్టుకుని చూస్తే వెచ్చగా ఉన్నాయి. పట్టుకున్న పాదం వదలకుండా ఏడ్చింది.

బీడీ మానేశాడు. రోజూ మాత్రలు వేసుకుంటున్నాడు. పుండు మానింది. రెండు నెలల సెలవు తర్వాత ఇవాళే డ్యూటీ.

అయితే ఒక్కటి అతన్ని తొలుస్తోంది. కాలి సంగతి ఇప్పుడు ఊరందరికీ తెలుసు. ఓహో, మూడేళ్లు నా గడపలో కూర్చున్నది కాలు కోసమా, మజ్జిగ కోసం కాదా, నా ముచ్చట కోసం కాదా అని దుర్గమ్మ అనుకుంటే? మొదట్లో అది నిజమే. ఎప్పటినుంచి నిజం కాకుండా పోయిందో లాజరుకే తెలియదు. అందుకే ఇవాళ నొప్పి లేని కాలితో ఆ పీట మీద కూర్చోవాలని, ఆ మాట చెప్పి తీరాలని రాత్రే అనుకున్నాడు.

అలవాటు కొద్దీ అడుగులు లెక్కపెడుతూ బయల్దేరాడు. మూడు వందలైంది. పిక్క పలకలేదు. ఆరు వందలు. వెయ్యి దగ్గర లెక్క తప్పింది. మూడేళ్లుగా ముందు ఎక్కడ కూర్చోవాలా అని నేల చూస్తూ నడిచిన మనిషి తల ఎత్తి చూశాడు. నారుమళ్లు పచ్చగా ఉన్నాయి. త్రిపురారం వైపు నుంచి ట్రాక్టర్ల చప్పుడు వస్తోంది. కాలు తనంతట తాను పోతోంది. ఒళ్లంతా ఎంత తేలికైందంటే, చిన్నప్పుడు చర్చి పండక్కి కొత్త చొక్కా వేసుకుని పరిగెత్తినట్టుంది. చివరి తూము చేరి, షట్టరు తిప్పి, ఫోన్ చూస్తే ఏడున్నర. ఇదివరకు తొమ్మిదిన్నర అయ్యేది.

అప్పుడు గుర్తొచ్చింది. మోరీ దాటాడు. కిష్ట్యా కొట్టం దాటాడు. దుర్గమ్మ ఇల్లు కూడా దాటేశాడు.

తిట్టుకుంటూ వెనక్కి నడిచాడు. వెళ్లేసరికి తలుపుకు తాళం ఉంది. బర్రె కట్టే గుంజ ఖాళీగా ఉంది. గడప పక్కన పీట, దాని మీద మూతపెట్టిన స్టీలు గ్లాసు. కట్ట మీద గడ్డి కోస్తున్న కిష్ట్యా తలెత్తి, కోదాడ పోయిందన్నాడు. సరళ బస్టాండు దగ్గర కర్రీ పాయింట్ పెట్టింది కదా, పచ్చళ్లకు అమ్మ చెయ్యే కావాలందట, ఇక అక్కడే ఉంటుందట.

"నువ్వు పోంగ సూసింది. పిలుస్త అంటే వద్దన్నది. ఎనిమిదిన్నర బస్సుకు స్టేజీ కాడికి పోయింది" అన్నాడు.

స్టేజీ రెండు కిలోమీటర్లు. ఎనిమిదీ పది అయింది. లాజరు హ్యాండిలు దించడం కూడా మరిచి పొలాల బాట పట్టాడు. పోయిన ఏడాదైతే ఈ దూరానికి గంటన్నర, ఎన్నిసార్లు కూర్చోవాలో. ఇవాళ ఒక్కచోట కూడా ఆగలేదు.

దుర్గమ్మ సిమెంటు బెంచీ మీద రెండు సంచులు పక్కన పెట్టుకుని, ఒళ్లో ఊరగాయ జాడీతో కూర్చుని ఉంది. చెమటతో తడిసిపోయి వచ్చిన అతన్ని చూసి కంగారుపడింది.

"కూసుందామనే అనుకున్న పెద్దమ్మా. కాలు నడుస్తుంటే సోయి లేదు" అన్నాడు లాజరు, ఊపిరి అందక. "నేను ఉత్త కాలు కోసం వచ్చినోన్ని గాదు."

"కాలు కోసమే వచ్చినవ్" అంది దుర్గమ్మ శాంతంగా. "మా ఆయన గూడ గిట్లనే నూరడుగులకోపారి కూసునేటోడు. ముసలితనం అనుకున్నం. పాదం నల్లవడ్డంక తెలిసింది, అప్పటికే ఖతమైంది. నువ్వు మొదటి దినం కూసున్నప్పుడే ఎరుకపట్టిన."

లాజరు వంగి తన కుడికాలి వైపు చూసుకున్నాడు.

"పీట నీ కాలు కోసం ఏసిన. సల్ల మాత్రం నువ్వు జరసేపు ముచ్చట వెడతవని ఇచ్చిన" అని నవ్వింది. "పొద్దుగాల నువ్వు ఆగకుండ పోతుంటే మలుపు దాక సూసిన బిడ్డా. కడుపు నిండింది. పిలుస్తే ఆగుతవని పిలువలే."

మిర్యాలగూడ బస్సు వచ్చింది, కోదాడకు అక్కడ మారాలి. లాజరు సంచులు ఎక్కించి, జాడీ ఆమె ఒళ్లో పెట్టాడు. ఆమె కొంగు ముడి విప్పి ఫ్రీ టికెట్టుకు ఆధార్ కార్డు వెతుక్కుంటూ, కోదాడొస్తే తప్పకుండా రమ్మంది. అక్కడ పీటలు లేవు, కుర్చీలున్నాయంది. బస్సు కదిలింది. మలుపు తిరిగేదాకా లాజరు అక్కడే నిలబడి చూశాడు. కళ్లలో నీళ్లున్నాయి గానీ మనసులో బరువేమీ లేదు.

కట్ట మీదికి వచ్చి ఆమె ఇంటి ముందు హ్యాండిలు దించాడు. కాలు నొప్పి లేదు. అయినా కూర్చున్నాడు. గ్లాసు మూత తీసి, మజ్జిగ మెల్లగా తాగాడు. ఎప్పటిలాగే ఉప్పు కాస్త ఎక్కువ. ఆ మాట మూడేళ్లలో ఒక్కసారీ ఆమెకు చెప్పలేదు. ముచ్చట పెట్టడానికి ఎవరూ లేరు, అయినా పది నిమిషాలూ కూర్చునే లేచాడు. కాలువలో గ్లాసు కడిగి తెచ్చాడు.

తాళం వేసిన తలుపు పక్కన పీట అట్లాగే ఉంది, కురచ కాలి కింద పెంకు ముక్కతో, పైన బోర్లించిన గ్లాసుతో.