చివరి వరుసలోని పదకొండు ఫోన్లు

నాటకాలను ఇళ్లకు లైవ్‌లో చూపించడానికి పెద్ద సర్వర్ అద్దెకు తీసుకునే తాహతు మా నాటక సంఘానికి లేదు. అందుకని చూసేవాళ్ల ఫోన్లే ఒకదాని నుంచి ఒకటి వీడియో అందుకునేలా నేనొక ఆప్ తయారుచేశాను. నెట్ బాగా ఉన్న ఫోన్లు ముందు వరుసలో, బక్కవి చివర. చివరివాళ్లకు బొమ్మ నలభై సెకన్లు ఆలస్యంగా చేరుతుంది. అంతే కదా అనుకున్నాను. నా తెలివి మీద నాకు అప్పట్లో అంత మోజు.

కౌల్ బజార్‌లో బట్టల వ్యాపారం చేసే విరూపాక్షయ్య మా సంఘంలో పెద్ద నటుడు. కూతురు అర్పిత పెళ్లికి ముందురోజు సాయంత్రం, మండపంలోనే నాటకం పెట్టించి తానే వేషం కట్టాడు. ఆయన అక్క పంపమ్మది సత్యనారాయణపేటలో మా ఎదురిల్లు. తొమ్మిదేళ్లుగా ఇద్దరికీ మాటల్లేవు. ఎందుకో వాళ్లకే సరిగ్గా గుర్తు లేదు.

ఆమె ఫోన్లో ఆప్ నేనే ఎక్కించాను. దాని నెట్ బక్కది, చివరి వరుసలోనే పడింది. "పెండ్లికి పోవా అత్తా?" అని అడిగాను.

"వాడు నోరు తెరిచి పిలిస్తే పోతా శరణ్. పిలవకుండా పోతే నాకేం మర్యాద ఉంటాదప్పా?"

ఆమె నాటకం చూస్తుందని విరూపాక్షయ్యకు చెప్పిందీ నేనే. "చూస్తాదా? కడదాకా చూస్తాదా?" అని రెండుసార్లు అడిగాడు.

నాటకం సాగినంతసేపూ నేను వెనకగదిలో లాప్‌టాప్‌లో మునిగి ఉన్నాను. వేదిక మీది మాట ఒక్కటీ చెవికెక్కలేదు. మంగళం మొదలైతే చాలు, చెప్పులు వెతుక్కునే జనం మనవాళ్లు. ఇళ్లల్లో ఫోన్లు పట్టుకున్నవాళ్లూ అదే పని చేశారు, అందరూ ఒక్కసారిగా ఆప్ మూసేశారు. ఒక ఫోన్ పోతే ఇంకోదాన్ని అందుకునే ఏర్పాటు ఉంది గానీ, జనం ఒక్కొక్కరే పోతారనుకుని చేసిన ఏర్పాటది. చివరి వరుసలో పదకొండు ఫోన్లు తెగిపోయాయి. వాటి మీద 'కార్యక్రమం ముగిసింది, ధన్యవాదాలు' అని వచ్చింది. తప్పు బయటపడకుండా ఆ మాట పెట్టింది నేనే.

అది కళ్లారా చూసి కూడా, బయటికొచ్చి ఎక్కడా తెగలేదని అందరితో గొప్పలు చెప్పుకున్నాను. ఇంటికెళ్లాక పంపమ్మత్త తలుపు ఒక్కసారి తట్టి అడిగి ఉంటే సరిపోయేది. ఎదురిల్లే కదా. తట్టలేదు.

మర్నాడు పెళ్లిలో ఎల్లక్క అనే దూరపు బంధువు హారతి ఎత్తింది. మేనత్త ఎత్తాల్సిన హారతి అది. విరూపాక్షయ్య నా పక్కకు వచ్చి కళ్లు తుడుచుకున్నాడు.

"రాలేదు చూడప్పా. మంగళం అయినాంక అంతమంది ముందర చేతులు జోడించి, అక్కా, తప్పు నాదే, వచ్చి హారతి నువ్వే ఎత్తల్ల అని అడిగినా. యాడా తెగల్యా అంటివి నువ్వు. అంటే, వినీ రాలేదు."

ఆయనకు నిజం చెప్పకుండానే సత్యనారాయణపేటకు బండి తీశాను.

పంపమ్మత్త పట్టుచీర కట్టుకుని గడపలోనే కూర్చుని ఉంది. పొద్దుటినుంచీ అలాగే ఉందేమో.

"పిలిచినాడత్తా. నిన్ననే పిలిచినాడు. నా ఆప్ తెగిపాయ, నీకు వినపడలా. తప్పంతా నాదే."

ఆమె నన్ను తిట్టలేదు. తిట్టి ఉంటే బాగుండేది. ముఖమంతా వెలిగిపోయి, తలుపు కూడా వేయకుండా వచ్చి బండి వెనక కూర్చుంది.

"పద పద, బిరీన పోనీ. హారతికి ఇంగా టైమ్ ఉండాది కదా?"